ఆఫీసు ఫోన్లకి సొంత బాక్సా, క్లౌడా: కొటేషన్ అడగకముందే చేయాల్సిన పనులు

వ్యాపారం పెరుగుతోందన్న సంగతి చాలాచోట్ల ముందుగా రిసెప్షన్ ఫోన్ దగ్గరే బయటపడుతుంది. "పొద్దుట్నుంచి ఎంగేజ్ వస్తోందండీ" అని కస్టమర్ ఎదురుగా వచ్చి చెప్తాడు. పై అంతస్తులో ఉన్న అకౌంటెంట్‌ని పిలవడానికి ఆఫీస్ బాయ్ మెట్లెక్కి దిగుతుంటాడు. యజమాని సొంత సెల్లు భోజనం వేళ కూడా ఆగదు. అప్పుడు "మంచి ఫోన్ సిస్టమ్ పెట్టిద్దాం" అన్న మాట వస్తుంది. ఆ మాట వచ్చిన వారంలోపే టేబుల్ మీద రెండు కొటేషన్లు చేరతాయి. ఒకటి గోడకి బిగించే ఈపీఏబీఎక్స్ బాక్సుకి, రెండోది నెలనెలా కట్టే క్లౌడ్ టెలిఫోనీకి.

విజయవాడ కేంద్రంగా ఇరవై ఏళ్ల నుంచి నా పని ఇదే. మొదట బాక్సులు మాత్రమే పెట్టేవాణ్ణి, ఇప్పుడు రెండూ పెడుతున్నాను. పెట్టిన ఏడాదికే "ఎందుకు కొన్నాంరా బాబూ" అని తలపట్టుకున్న వాళ్లని రెండు వైపులా చూశాను. వాళ్లందరిలో ఉమ్మడిగా కనిపించింది ఒక్కటే. తమ ఫోన్లు ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ఆగుతున్నాయో కొనేముందు ఎవరూ లెక్క చూసుకోలేదు. ఆ లెక్క మీరు ఎలా చూసుకోవాలో, దాన్నిబట్టి ఎటు వెళ్లాలో వరసగా చెప్తాను.

ముందు తేడా రెండు ముక్కల్లో. సొంత బాక్సు అంటే మీ బిల్డింగులోనే ఉండే చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. బయటి లైన్లు ఒక పక్క, గదుల్లోని ఎక్స్‌టెన్షన్లు ఇంకో పక్క దానికి కలుస్తాయి. పాత రకంలో గదికో జత రాగి తీగ వెళ్తుంది. ఐపీ రకంలో కంప్యూటర్లకి వేసే లాన్ కేబుల్ మీదే ఫోన్ నడుస్తుంది. క్లౌడ్‌లో ఆ ఎక్స్ఛేంజీ చేసే పనంతా ప్రొవైడర్ డేటా సెంటర్‌లో జరుగుతుంది. మీ దగ్గర ఉండేది ఐపీ ఫోనో, హెడ్‌సెట్ పెట్టిన కంప్యూటరో, స్టాఫ్ చేతిలోని సెల్లో. మన ఊళ్లలో ఎక్కువగా నడిచేది ఈ చివరిదే. కస్టమర్ ఒక నంబర్‌కి చేస్తాడు, "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అని ఐవీఆర్ పలుకుతుంది, కాల్ మీ మనిషి సెల్‌కి వెళ్తుంది. హైదరాబాద్‌లో పుట్టిన ఓజోన్‌టెల్, బెంగళూరులో పుట్టిన ఎక్సోటెల్ ఈ రంగంలో పేరున్నవి. టాటా, ఎయిర్‌టెల్ కూడా ఈ సర్వీసు ఇస్తున్నాయి.

1. వారం రోజులు నోట్‌బుక్ పెట్టండి

ఏ సేల్స్ మనిషినీ పిలవకముందే చేయాల్సిన పని ఇది. ఖర్చు ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను.

సూర్యారావుపేటలో నాకు తెలిసిన డయాగ్నొస్టిక్ సెంటర్ ఒకటుంది. మూడు అంతస్తులు, పైగా గుంటూరులో, తెనాలిలో శాంపిల్ కలెక్షన్ సెంటర్లు. అప్పటికి ఉన్నవి నాలుగు ల్యాండ్‌లైన్లు. "ముప్ఫై రెండు ఎక్స్‌టెన్షన్ల బాక్సు వేసెయ్, అయిపోతుంది" అన్నారు డాక్టరుగారు. వారం ఆగమని అడిగి, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి నోట్‌బుక్ ఇచ్చాను. పేజీకి నాలుగు గళ్లు: టైము, లోపలి నుంచా బయటి నుంచా, ఎవరు కావాలన్నారు, దాదాపు ఎన్ని నిమిషాలు. "లైన్ దొరకలేదు" అని ఎవరైనా వచ్చి చెప్తే ఆ వరసలో ఎర్ర పెన్నుతో గుర్తు. ఆ అమ్మాయి ఎంత శ్రద్ధగా రాసిందంటే, శనివారానికి పేజీల అంచులు నలిగిపోయి, సాయంత్రం వరసలన్నీ ఎర్రబడి ఉన్నాయి.

అందులో మూడు సంగతులు తేలాయి. పరగడుపు పరీక్షల వాళ్ల వల్ల ఉదయం ఏడింటికే ఒత్తిడి ఉంటుందని అందరం అనుకున్నాం. ఉదయం వచ్చేవాళ్లు నేరుగా మనిషే వస్తున్నారు, ఫోన్ చేయడం లేదు. అసలు ఒత్తిడి సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర వరకు, రిపోర్టుల టైములో. రెండోది, ఆ గంటలో ఎత్తినవీ దొరకనివీ కలిపి 60 కాల్స్ దాకా వస్తున్నాయి, ఒక్కోటి సగటున 3 నిమిషాలు. మూడోది, వాటిలో సగానికి పైగా "రిపోర్టు వచ్చిందా అండీ" అనేవే.

మూడోది చూసి నేను చెప్పిన మొదటి సలహాలో ఫోన్ లేదు. రిపోర్టు సిద్ధం కాగానే మెసేజ్ వెళ్లేలా మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వాళ్లతో చెప్పించండి అన్నాను. మీ నోట్‌బుక్‌లో కూడా ఇలాంటి కాల్స్ కనిపిస్తాయి: సరుకు బయల్దేరిందా, ఫీజు ఎంత, షాపు ఎన్నింటిదాకా. ముందు వాటిని తగ్గించి, మిగిలిన వాటికే సిస్టమ్ కొనండి.

ఇక లైన్ల లెక్క. గంటలో 60 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అంటే 180 నిమిషాల మాట. గంటకి 60 నిమిషాలు కాబట్టి మూడు లైన్లు చాలు అనిపిస్తుంది. కానీ జనం క్యూ కట్టి ఒకరి తర్వాత ఒకరు చేయరు కదా. ఒకే నిమిషంలో ఐదుగురు చేస్తారు, తర్వాత రెండు నిమిషాలు ఎవరూ చేయరు. దీనికి డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త ఎర్లాంగ్ 1917లోనే సూత్రం ఇచ్చాడు. ఈ రంగంలో ఇప్పటికీ దాన్నే వాడతాం. ఆ సూత్రం ప్రకారం ఈ 60 కాల్స్‌కి నాలుగు లైన్లుంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎంగేజ్ వస్తుంది. ఆరు లైన్లుంటే ఇరవైమందిలో ఒకరికి. ఎనిమిది లైన్లుంటే వందలో ఒకరికి కూడా రాదు. అదే గంటకి 100 కాల్స్ అయితే పదకొండు లైన్లు కావాలి. ఎర్లాంగ్ బి కాలిక్యులేటర్ అని వెతికితే నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీ అంకెలు వేసి చూసుకోండి. లైన్లు ఎన్ని కావాలో మీకే తెలిస్తే, ఒకేసారి 30 కాల్స్ నడిచే పీఆర్ఐ లైన్ మీకు అంటగట్టడం ఎవరి తరమూ కాదు.

2. కాల్స్‌ని రెండు కుప్పలుగా విడదీయండి

నోట్‌బుక్ ముందేసుకుని, లోపలి నుంచి లోపలికి వెళ్లినవి ఒక కుప్ప, బయటితో సంబంధం ఉన్నవి ఇంకో కుప్ప చేయండి. ఈ రెండు అంకెలే దాదాపు నిర్ణయం చెప్పేస్తాయి.

లోపలి కుప్ప పెద్దదైతే సొంత బాక్సు వైపు మొగ్గండి. నర్సింగ్ హోమ్, లాడ్జీ, స్కూలు, ఫ్యాక్టరీ, పెద్ద బట్టల షోరూమ్ ఈ కోవలోకి వస్తాయి. అరవై గదుల లాడ్జీలో ప్రతి గదికీ ఫోన్ ఉండాలి. ఆ ఫోన్ రోజుకి రెండుసార్లు టీకో, వేడినీళ్లకో మోగుతుంది. దానికి నెలకి యూజర్‌కి ఇంత అని క్లౌడ్ అద్దె కట్టడంలో అర్థం లేదు. ఆసుపత్రి అయితే డబ్బుకి మించిన కారణం ఉంది. ఐసీయూ నుంచి కింద ఫార్మసీకి చేసే కాల్, ఎక్కడో రోడ్డు తవ్వితే ఫైబర్ తెగి ఆగిపోకూడదు. లోపలి బాక్సుకి ఇంటర్నెట్‌తో పని లేదు. యూపీఎస్ ఉన్నంతసేపు గదుల మధ్య మాట నడుస్తుంది.

బయటి కుప్ప పెద్దదై, మాట్లాడే మనుషులు ఒకచోట కూర్చోని వాళ్లయితే క్లౌడ్ మేలు. మీ సేల్స్ కుర్రాళ్లు రోజంతా బండి మీద ఉంటారనుకోండి, మూడు ఊళ్లలో బ్రాంచీలున్నాయనుకోండి, ఇంట్లోంచి పనిచేసే వాళ్లున్నారనుకోండి, గోడకి బిగించిన బాక్సు వాళ్లకి ఏ రకంగానూ అక్కరకి రాదు. క్లౌడ్‌లో ఇంకో లాభం ఉంది. ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదు, ఎంతసేపు ఆగి పెట్టేశారు అన్నది యజమాని రాత్రి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మిస్ అయిన కాల్స్ జాబితా ఉదయానికి చేతికొస్తుంది. వ్యాపారంలో ఆ జాబితా విలువ తక్కువేం కాదు, ఎందుకంటే మీ దగ్గర దొరక్కపోతే కస్టమర్ పక్క షాపుకి చేస్తాడు.

రెండు కుప్పలూ దాదాపు సమానమైతే రెండూ కలిపి వాడుకోవచ్చు. లోపల చిన్న బాక్సు, ముందు వాకిట్లో క్లౌడ్ నంబర్. ఆ డయాగ్నొస్టిక్ సెంటర్‌కి చివరికి ఇదే కుదిరింది. డాక్టరుగారు అడిగిన ముప్ఫై రెండు ఎక్స్‌టెన్షన్లు ఇరవై నాలుగుకి తగ్గాయి. బోర్డు మీదున్న నంబరు పేషెంట్లకి అలవాటు కాబట్టి అలాగే ఉంచాం. గుంటూరు, తెనాలి సెంటర్లు క్లౌడ్ నంబర్ కిందకి వచ్చాయి.

3. బోర్డు మీదున్న నంబర్ సంగతి తేల్చుకోండి

ఎక్కువమంది మర్చిపోయేది ఇదే, ఆ తర్వాత ఎక్కువ బాధపడేదీ దీనికే. పదిహేనేళ్లుగా షాపు బోర్డు మీద, క్యాలెండర్ల మీద, సంచుల మీద అచ్చయిన 0866 నంబరు మీ ఆస్తి. సెల్ నంబరును 2011 నుంచి దేశమంతటా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకోగలుగుతున్నాం. ల్యాండ్‌లైన్ నంబరుకి మన దేశంలో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి "మీ పాత నంబరే క్లౌడ్‌లోకి తెచ్చేస్తాం" అని ఎవరైనా అంటే, ఎలా తెస్తారో కాగితం మీద రాసిమ్మనండి. సాధారణంగా వాళ్లు చేసేది కాల్ ఫార్వర్డింగ్. పాత లైన్‌కి అద్దె కడుతూనే ఉండాలి, మళ్లిన ప్రతి కాల్‌కీ ఛార్జీ ఉండొచ్చు.

కొత్తగా తీసుకునే క్లౌడ్ నంబరు ఎవరి పేరు మీద ఉంటుందో కూడా అడగండి. మీ జీఎస్టీ, పాన్ కాగితాలతో మీ సంస్థ పేరు మీదే ఉండాలి. మధ్యలో ఉన్న ఏజెంట్ తన అకౌంట్ కింద నంబరిచ్చి, రెండేళ్ల తర్వాత దుకాణం మూసేస్తే మీ నంబరు గాల్లో కలుస్తుంది. ఇలా నంబరు పోగొట్టుకున్న ఒక కేటరింగ్ ఆయన పెళ్లిళ్ల సీజన్ మధ్యలో నా దగ్గరికి వచ్చాడు. కార్డులన్నీ కొత్తగా కొట్టించుకోవడం తప్ప ఆయనకి నేను చూపించగలిగిన దారి లేదు.

4. ఇంటర్నెట్, కరెంటు, నీళ్లు

క్లౌడ్ అయినా ఐపీ అయినా "మాకు 100 ఎంబీపీఎస్ ఉంది, చాలు" అనుకోవద్దు. మాటకి కావాల్సిన వేగం చాలా తక్కువ. మామూలుగా వాడే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కి సెకనుకి అటు దాదాపు 90 కిలోబిట్లు, ఇటు అంతే. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్‌లో సరిపోతాయి. మాటని పాడుచేసేది ఆలస్యం, ఎగుడుదిగుడు. మాటని చిన్న ముక్కలుగా మోసే ప్యాకెట్లు ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా చేరితే మాట ముక్కలవుతుంది. దీన్నే జిట్టర్ అంటారు. అది 30 మిల్లీసెకండ్లు దాటకూడదు. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకండ్ల లోపు ఉండాలి. ప్యాకెట్లు నూటికి ఒకటి కూడా పోకూడదు.

ఇది కాగితం మీద అర్థం కాదు కాబట్టి మళ్లీ ఆ సెంటర్‌కే వెళ్దాం. ఐపీ ఫోన్లు పెట్టిన మొదటి వారం ఉదయమంతా మాట గాజులా స్పష్టంగా వచ్చేది. సాయంత్రం ఆరు దాటితే "హలో... వినప... హలో" అని తెగిపోయేది. స్పీడ్ టెస్ట్ చేస్తే 90 ఎంబీపీఎస్ చూపిస్తోంది. ఫోన్ మార్చాం, కేబుల్ మార్చాం, నెట్‌వర్క్ స్విచ్ మార్చాం. నాలుగో రోజు సాయంత్రం సర్వర్ గదిలో రౌటర్ ముందు కూర్చుని, ఏ కంప్యూటర్ ఎంత పంపుతోందో చూస్తూ ఉన్నాను. ఆరుంబావుకి సీటీ స్కాన్ గదిలోని కంప్యూటర్ ఒక్కసారిగా పైకి లేచింది. ఆ రోజు తీసిన స్కాన్లన్నీ హైదరాబాద్‌లో ఉన్న రేడియాలజిస్టుకి అప్పుడే వెళ్తున్నాయి. ఒక్కో స్కాన్‌లో వందల బొమ్మలు. డౌన్‌లోడ్ ఖాళీగానే ఉంది, అప్‌లోడ్ మాత్రం పూర్తిగా నిండిపోయింది. మన మాట వెళ్లాల్సింది ఆ అప్‌లోడ్ దారిలోనే. రౌటర్‌లో వాయిస్‌కి మొదటి ప్రాధాన్యం ఇచ్చాం, నెల తర్వాత ఫోన్లకి విడిగా ఒక చిన్న కనెక్షన్ వేయించాం. తెగడం ఆగిపోయింది.

కాబట్టి పరీక్ష చేసేది మీ అత్యంత బిజీ గంటలోనే చేయండి. సీసీ కెమెరాల బ్యాకప్, పెద్ద ఫైళ్లు అన్నీ నడుస్తుండగా ప్రొవైడర్ సర్వర్‌కి గంటసేపు పింగ్ (జవాబు ఎంతసేపటికి వస్తుందో చూపే పరీక్ష) పెట్టి వదిలేయండి. అంకెలు పైకీ కిందకీ గెంతుతుంటే ముందు ఇంటర్నెట్ బాగుచేయించుకోండి. ఒక వైపు మాట మాత్రమే వినిపిస్తుంటే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు చూడండి. చాలాసార్లు దాన్ని ఆపేస్తే సమస్య పోతుంది. రెండో కంపెనీ నుంచి ఇంకో కనెక్షన్ తీసుకునేటప్పుడు రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద నుంచి వస్తున్నాయేమో బయటికెళ్లి తలెత్తి చూడండి. అలా వస్తే ఆ స్తంభం పడిన రోజు రెండూ పోతాయి.

కరెంటు సంగతి. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజీ నుంచే 48 వోల్టులు వచ్చేవి, అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ మీద వచ్చే ల్యాండ్‌లైన్‌కి ఆ వరం లేదు. ఫైబర్ వచ్చి చేరే, గోడ మీదున్న ఓఎన్‌టీ డబ్బాకి కరెంటు పోతే లైన్ పోయినట్టే. బాక్సుకి, స్విచ్‌కి, రౌటర్‌కి, ఓఎన్‌టీకి నాలుగింటికీ యూపీఎస్ ఉండాలి. మూడింటికి పెట్టి నాలుగోది మర్చిపోయిన ఆఫీసులు లెక్కలేనన్ని చూశాను.

సొంత బాక్సు పెట్టేవాళ్లకి ఇంకో రెండు మాటలు. ఎర్తింగ్ కొత్తగా తీయించండి, బయటి లైన్లు వచ్చే క్రోన్ (తీగలు కలిపే పట్టీ) దగ్గర సర్జ్ ప్రొటెక్షన్ పెట్టించండి. మే నెల ఈదురుగాలుల్లో ఒక్క పిడుగుకి బాక్సులోని కార్డు కాలిపోతుంది, ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందంలో) పిడుగు దెబ్బ ఉండదు. కేబుళ్లు లోపలికి వెళ్లే రంధ్రాలన్నీ మూయించండి. వెచ్చదనానికి బల్లులు లోపలికి చేరి, కార్డు మీద రెండు పిన్నులకి అడ్డంపడి చనిపోతాయి. బాక్సు మూత తీసినప్పుడు నేను మొదట చూసేది దానికోసమే.

మరి బాక్సు ఎక్కడ పెట్టాలి? సెల్లార్‌లోనూ, గ్రౌండ్ ఫ్లోర్ మెట్ల కిందా మాత్రం పెట్టనివ్వకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు నేను పెట్టిన రెండు బాక్సులు రోజుల తరబడి నీళ్లలో నానాయి. రెండూ మెట్ల కింద ఉన్నవే. మొదటి అంతస్తులో నేను బిగించినవి నిలబడ్డాయి. అలాగని క్లౌడ్ ఉంటే విపత్తులో ధీమాగా ఉండొచ్చని కూడా చెప్పలేను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు సెల్ టవర్లే మూగబోయాయి. క్లౌడ్ ఇచ్చేది ఒక్క సౌకర్యం: మీ ఊరు మునిగినా, కాల్స్‌ని వేరే ఊళ్లో ఉన్న మీ మనిషికి పది నిమిషాల్లో మళ్లించొచ్చు. వేరే ఊళ్లో మీ మనిషి ఉంటేనే అది పనికొస్తుంది.

5. ఐదేళ్ల లెక్క వేయండి

కొటేషన్లు రెండూ పక్కపక్కన పెడితే బాక్సు ఖరీదుగా, క్లౌడ్ చౌకగా కనిపిస్తాయి. ఒకటి మొత్తం ధర, రెండోది నెల అద్దె కాబట్టి అలా కనిపిస్తుంది. రెండింటినీ 60 నెలలకి తెచ్చి చూడాలి.

పద్ధతి అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం. మీ కొటేషన్‌లో ఉన్నవి వాటి స్థానంలో వేసుకోండి. బాక్సు, ఫోన్లు, వైరింగ్ కలిపి 2,50,000. మొదటి ఏడాది వారంటీ, తర్వాత నాలుగేళ్లు ఏడాదికి 25,000 ఏఎంసీ, అంటే 1,00,000. లైన్ల అద్దె నెలకి 5,000 చొప్పున 3,00,000. యూపీఎస్ బ్యాటరీలు మధ్యలో ఒకసారి మార్చడానికి 20,000. మొత్తం 6,70,000. క్లౌడ్‌కి యూజర్‌కి నెలకి 700 అనుకుంటే, ఒక్కో యూజర్‌కి ఐదేళ్లలో 42,000. భాగిస్తే 16 మంది దగ్గర రెండూ సమానమవుతాయి. పది మంది యూజర్లే అయితే క్లౌడ్ చౌక, నలభై మంది అయితే బాక్సు చాలా చౌక.

ఈ లెక్కలో దాక్కునే ఖర్చులు రెండు వైపులా ఉన్నాయి. క్లౌడ్‌లో కస్టమర్ మీ నంబర్‌కి చేస్తే, ఆ కాల్‌ని మీ స్టాఫ్ సెల్‌కి కలపడానికి వాళ్లు రెండో కాల్ వేస్తారు. వచ్చిన కాలే అయినా దానికి నిమిషానికి ఇంత అని మీరే కట్టాలి. వంద రూపాయల ప్లాన్ మీద నిమిషాల బిల్లే నాలుగు వందల రూపాయలు రావడం ఇక్కడే జరుగుతుంది. ముందే కట్టిన క్రెడిట్లకి గడువు ఉంటుందా, రికార్డింగులు ఎన్ని నెలలు ఉంచుతారు, 18 శాతం జీఎస్టీ కలిపి చెప్తున్నారా విడిగానా, ఇవన్నీ అడగండి.

బాక్సు వైపు దాక్కునేవి లైసెన్సులు, కార్డులు. ఎక్స్‌టెన్షన్లు సాధారణంగా ఎనిమిదేసి చొప్పున కార్డుల్లో వస్తాయి. ఇరవై నాలుగు నిండాక ఇరవై ఐదో ఫోన్ కావాలంటే మొత్తం కార్డు కొనాలి. క్యాబినెట్‌లో ఖాళీ స్లాట్ లేకపోతే బాక్సే మార్చాలి. పెరిగే వ్యాపారానికి నా సలహా: ఇప్పటికి కావాల్సినన్ని కార్డులే వేసి, కనీసం మూడో వంతు స్లాట్లు ఖాళీగా ఉండే క్యాబినెట్ తీసుకోండి. ఐపీ బాక్సుల్లో ఒక్కో ఐపీ ఫోన్‌కి, ఇంటర్నెట్ మీద వచ్చే ఒక్కో సిప్ లైన్‌కి, సెల్‌లో వాడే యాప్‌కి విడివిడిగా లైసెన్సులు అడుగుతారు. ఐదేళ్ల తర్వాత కార్డు దొరుకుతుందా అన్నది కూడా చూడాలి. మోడల్ తయారీ ఆపేశాక స్పేర్ల కోసం సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో తిరగాల్సి వస్తుంది, నేను తిరిగాను.

6. చట్టం విషయంలో మూడు జాగ్రత్తలు

అమెరికాలో ఉన్న మన బంధువు "నెలకి ఇరవై డాలర్లకి ఇక్కడ అన్నీ వస్తాయి, అదే పెట్టుకో" అంటాడు. ఆ సర్వీసుతో మన ఊళ్లో ఫోన్లకి కాల్స్ తిప్పడం చిక్కులో పడేస్తుంది. ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ని లైసెన్స్ లేని దారిలో మన ఫోన్ నెట్‌వర్క్‌లోకి దించడాన్ని టోల్ బైపాస్ అంటారు, అది నేరం. సిమ్ కార్డులు గుచ్చిన గేట్‌వేతో విదేశీ కాల్స్ ఇక్కడికి దించమని ఎవరైనా అద్దె ఆశ చూపిస్తే ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేయండి. ఇక్కడి టెలికాం లైసెన్స్ ఉన్న ప్రొవైడర్ దగ్గరే తీసుకోండి, లైసెన్స్ కాపీ చూపించమనండి.

మీరే కస్టమర్లకి ప్రచారం కాల్స్ చేసేట్టయితే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమాల కింద రిజిస్టర్ చేయించుకుని 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. మామూలు నంబర్ నుంచి చేస్తూ పోతే ఫిర్యాదుల మీద ఆ నంబరే ఆగిపోతుంది, మీ బోర్డు మీద ఉన్నది అదే అయితే కథ ముగిసినట్టే. ఇక కాల్ రికార్డ్ చేస్తుంటే ఆ ముక్క ముందే ఐవీఆర్‌లో చెప్పించండి.

7. సంతకం పెట్టేముందు

బాక్సు అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికి రావాలి, కవర్‌లో పెట్టి సీల్ వేసి బీరువాలో ఉంచండి. పాస్‌వర్డ్ తన దగ్గరే పెట్టుకుని, చిన్న మార్పుకి కూడా తననే పిలిపించుకునే టెక్నీషియన్ల వల్ల మా రంగానికే చెడ్డపేరు వస్తోంది. ఐపీ బాక్సు అయితే ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డ్ కూడా 201 అని వదిలేయనివ్వకండి. బాక్సుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు. ఒక ఆఫీసుకి సంక్రాంతి మూడు రోజులు తాళం వేసి ఉండగా, ఎవరో బయటి నుంచి చొరబడి రాత్రంతా విదేశీ నంబర్లకి కాల్స్ తిప్పారు. పండగ అయ్యాక వచ్చిన బిల్లు ఆ బాక్సు ఖరీదుకి మించిపోయింది. ఐఎస్‌డీ అవసరం లేకపోతే ఫోన్ కంపెనీ వైపు నుంచే మూయించండి.

క్లౌడ్ వాళ్లని అడగాల్సింది ముఖ్యంగా ఒకటే: రేపు మేం మానేస్తే మా కాల్ రికార్డింగులు, కస్టమర్ జాబితా ఏ రూపంలో ఎన్ని రోజుల్లో ఇస్తారు? దానికి సూటిగా జవాబు చెప్పేవాళ్లతోనే ముందుకెళ్లండి. ఏడాది మొత్తం ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు. మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టండి.

సర్వీసు మనిషి మీ ఊళ్లో ఉన్నాడా అన్నది రెండింటికీ వర్తిస్తుంది. కొనేముందు ఆదివారం సాయంత్రం ఒకసారి వాళ్ల సపోర్ట్ నంబర్‌కి చేసి, ఎంతసేపటికి ఎత్తుతారో చూడండి.

8. మార్చే రోజు

సోమవారం వద్దు, నెలాఖరు వద్దు, పండగ ముందు అసలే వద్దు. మీకు తక్కువ రద్దీ ఉన్న రోజు ఎంచుకోండి. పాత లైన్లని ఆ రోజే తీసేయకుండా కనీసం మూడు నెలలు కొత్తదానికి ఫార్వర్డ్ చేసి ఉంచండి. ఐవీఆర్ గొంతు మీ స్టాఫ్‌లో తెలుగు చక్కగా పలికే వాళ్లతో చెప్పించండి. మొదటి మాట తెలుగులో రావాలి, ఎంపికలు మూడుకి మించకూడదు. చివర్లో "మనిషితో మాట్లాడాలంటే సున్నా" అన్నది తప్పనిసరిగా ఉండాలి. పల్లె నుంచి చేసే పెద్దాయన ఐదు అంకెల జాబితా వినలేక పెట్టేస్తాడు.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లోంచి సెల్‌కి చేయాలంటే ముందు 0 కొట్టాలి. బాక్సులో బయటి లైన్ కోసం ఒక 0 కొట్టే అలవాటుంటే, ఆపైన సెల్ కోసం ఇంకో 0 కావాలి. పాత ప్రోగ్రామింగ్ ఉన్న బాక్సుల్లో 0తో మొదలైతే ఎస్‌టీడీ అనుకుని ఆపేస్తాయి. స్టాఫ్ "సెల్‌కి పోవట్లేదు సార్" అంటే మొదట ఇదే చూడండి.

అన్నీ కలిపాక, స్టాఫ్ ఇంటికి వెళ్లకముందే ఒక కాగితం పట్టుకుని ప్రతి ఫోన్ దగ్గరికీ మీరే నడవండి. ఒక్కోదాని నుంచి లోపలికి ఒక కాల్, బయటి సెల్‌కి ఒక కాల్ చేసి టిక్ పెట్టండి. బయటి కాల్స్ లాక్ చేసిన ఎక్స్‌టెన్షన్లలో కూడా 108, 112 తెరిచి ఉన్నాయో లేదో మీ టెక్నీషియన్ చేత ప్రోగ్రామ్‌లో చూపించుకోండి. క్లౌడ్ యాప్‌లో ఆ నంబర్లు వెళ్తాయా అని ప్రొవైడర్‌ని అడగండి. వెళ్లవని అంటే, "అత్యవసరానికి మీ సెల్‌లోంచే చేయండి" అని పెద్ద అక్షరాలతో రాసి ఆ ఫోన్ పక్కనే అతికించండి. ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపించి, యూపీఎస్ మీద ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూసి, ఆ నిమిషాలు బాక్సు మూత మీద మార్కర్‌తో రాయండి.